బండి బాగోగులు: పసుపు వైరు నిద్రపోదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టచ్‌స్క్రీన్ గురించే ఉన్నాయి. ఎండలకి జనం ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఏవేవో కొనేస్తున్నట్టున్నారు. అందుకని ఇంజన్ ఆయిల్ ప్రశ్నలూ టైర్ల ప్రశ్నలూ వచ్చే నెలకి జరిపాను, అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. తొమ్మిదేళ్ల నాటి పెట్రోల్ కారు, కంపెనీ ఇచ్చిన సీడీ ప్లేయరే ఇప్పటికీ. మొన్న 9 అంగుళాల ఆండ్రాయిడ్ టచ్‌స్క్రీన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫిట్టింగ్‌కి ఒక షాపులో 1,500 అడిగారు, ఇంకో షాపులో మా దగ్గర కొనని సామాను మేం ముట్టుకోం అన్నారు. ఇంట్లో ఫ్యాన్లూ స్విచ్‌లూ నేనే మార్చుకుంటాను. ఇది కూడా చేసుకోగలనా? డ్యాష్‌బోర్డు విప్పితే ఎయిర్‌బ్యాగ్ పేలుతుందని మా బావమరిది భయపెడుతున్నాడు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేసుకోగలరు. ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చే చేతికి ఇదేం పెద్ద పని కాదు, తొందరపడకపోతే ఒక ఆదివారం పొద్దుటితో అయిపోతుంది. కాకపోతే ఇంటి కరెంటుకీ బండి కరెంటుకీ ఒక తేడా ఉంది. ఇంట్లో తప్పు చేస్తే అప్పటికప్పుడు షాక్ కొట్టి చెబుతుంది. బండిలో 12 వోల్టులు మనిషిని ఏమీ అనవు, తప్పు చేసిన సంగతి మూడు రోజుల తర్వాత, అందరూ పట్టుబట్టలు కట్టుకుని పెళ్లికి బయల్దేరినప్పుడు సెల్ఫ్ తిరక్కపోతే తెలుస్తుంది.

ముందు పెట్టె విప్పి చూడండి. స్క్రీన్ ఒక్కటే వస్తే చాలదు, మీ మోడల్‌కి సరిపోయే ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉండాలి, మీ మోడల్ కప్లర్ ఉండాలి. కప్లర్ అంటే పాత ప్లేయర్ వెనక గుచ్చుకుని ఉన్న సాకెట్‌లోకి టక్కున దిగేది. చాలామంది కొనేటప్పుడు ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత అని గంటలు గంటలు చూస్తారు, ఈ రెండిటినీ చూడరు. డ్యాష్‌బోర్డులో స్టీరియో గూటి కొలత సింగిల్ డిన్ అయితే 180 × 50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ అయితే 180 × 100. డిన్ అనేది జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు, కొలత కూడా వాళ్లదే. 9 అంగుళాల స్క్రీన్ ఆ గూట్లో పట్టదు కదా, వెనకున్న రేకు డబ్బా మాత్రమే లోపలికి వెళ్తుంది, స్క్రీన్ బయటే నిలబడుతుంది, చుట్టూ సందు కనపడకుండా కప్పేది ఆ ఫ్రేమే. వేరే మోడల్ ఫ్రేమ్ వస్తే ఆకురాయి పెట్టి అరగదీసి సరిచేద్దామనుకోకండి. నేను ఒకసారి ఆ తెలివి చూపించాను, పటమట నుంచి బెంజి సర్కిల్ చేరేలోపు అది చేసిన గడగడ మోతకి పాటలే వినపడలేదు.

కప్లర్ రాకపోతే పని మొదలుపెట్టకండి, అది విడిగా దొరుకుతుంది. పాత ప్లేయర్ వెనక సాకెట్‌ని ఫోటో తీసుకుని మీ ఊరి ఆటోనగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో చూపించి అడగండి. అంతేగాని బండి ఒరిజినల్ వైర్లు కోసి, మెలితిప్పి, నల్ల టేపు చుట్టే పని మాత్రం వద్దు. వారంటీలో ఉన్న బండి అయితే అలా కోసిన చోటు చూపించే కంపెనీవాళ్లు చేతులు దులుపుకుంటారు. మీది వారంటీ దాటిపోయిందనుకోండి, అయినా రేపు అమ్మేటప్పుడు పాత ప్లేయర్ తిరిగి పెట్టుకోవాలిగా. పైగా మన దగ్గర మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారులో ఆ టేపు జిగురు కరిగి పాకంలా కారుతుంది, చుట్టు ఊడిపోతుంది, లోపలి రాగి కొనలు వెళ్లి ఏ రేకుకి తగులుతాయో దేవుడికెరుక. ఎక్కడైనా వైరు కలపక తప్పకపోతే సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి తగిలితే బిగుసుకునే గొట్టం, తొడగండి. కట్టలు చుట్టడానికి గుడ్డ టేపు వాడండి.

ఇక మీ బావమరిది మాట. పేలుతుందనడం ఎక్కువే గాని, భయం పూర్తిగా ఉత్తది కాదు. పని మొదలుపెట్టే ముందు పదో నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పేసి, పది నిమిషాలు ఆగండి, ఈలోపు ఆయనతో కలిసి టీ తాగండి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కాస్త కరెంటు నిలవ ఉంటుంది, అది దిగిపోవాలి. లోపల పసుపు గొట్టం తొడిగిన వైర్లు, పసుపు కప్లర్లు కనపడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని లాగొద్దు, వాటిమీద మీటర్ పెట్టొద్దు, వాటిలోంచి కరెంటు తీసుకోవడమైతే అసలే వద్దు.

పాత ప్లేయర్ చుట్టూ ఉన్న పట్టీ చాలావరకు క్లిప్పుల మీదే ఆగి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ప్లాస్టిక్ మీద గాటు పడి ఎప్పటికీ పోదు. దానికని ప్లాస్టిక్ పుల్లలు అమ్ముతారు, అవి లేకపోతే పాత ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి ఒక మూల నుంచి మెల్లగా ఎత్తండి. ఒక చోట అసలు కదలట్లేదంటే అక్కడ మీకు కనపడని స్క్రూ ఉన్నట్టే, బలం చూపించకండి.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త ప్లేయర్ వైర్లకి దాదాపు అన్ని కంపెనీలూ ఒకే రంగులు వాడతాయి. పసుపు వైరుకి ఎప్పుడూ 12 వోల్టులు అందుతుండాలి, మీ సెట్టింగులు, స్టేషన్లు గుర్తుపెట్టుకునేది దానివల్లే. ఎరుపుకి తాళం తిప్పితేనే రావాలి. నలుపు బాడీ ఎర్త్, అంటే బండి రేకు బాడీకి కలిపేది. నారింజ లైట్ల వైరు, రాత్రి లైట్లు వేయగానే స్క్రీన్ వెలుగు తగ్గేది దానివల్లే, చాలామంది దాన్ని వదిలేసి రాత్రిపూట కళ్లు చికిలించుకుంటూ నడుపుతారు. నీలం యాంటెన్నాకి. స్పీకర్లకైతే ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా, నల్ల గీత ఉన్నది నెగెటివ్. ఇదంతా ప్లేయర్ వైపు లెక్క. బండి వైపు వైర్ల రంగులకి ఈ లెక్క వర్తించదు, అక్కడ కంపెనీకో రకం. మీ మోడల్ కప్లరే అయినా నమ్మి గుచ్చేయకండి, మూడు నాలుగు వందల మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి.

పాత ప్లేయర్ బయటికి తీశాక, విప్పిన కప్లర్లన్నీ, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ పసుపువి విప్పి ఉంటే, తిరిగి పెట్టేసి, అప్పుడు బ్యాటరీ టెర్మినల్ తగిలించండి. మీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ని పెయింటు లేని బోల్టుకి ఆనించి, ఎర్ర ప్రోబ్‌ని బండి సాకెట్‌లో ఒక్కో పిన్నుకి పెట్టి చూడండి. తాళం తీసేసినా 12 పైన చూపించేది పసుపుకి. తాళం ఒక మెట్టు తిప్పితే వచ్చి, తీస్తే పోయేది ఎరుపుకి. పార్కింగ్ లైట్లు వేస్తేనే వచ్చేది నారింజకి. చిన్న కాగితం ముక్కల మీద రాసి ఒక్కోదానికి అతికించండి, మళ్లీ టెర్మినల్ విప్పి అప్పుడు కలపండి. విసుగ్గా ఉంటుంది గాని ఇది దాటేసినవాళ్ల ఉత్తరాలే కింద రెండు ఉన్నాయి.

స్పీకర్ నెగెటివ్ వైరుని ఎర్త్ అనుకోవద్దు. పాత క్యాసెట్ ప్లేయర్ల రోజుల్లో చాలావాటికి స్పీకర్ల నెగెటివ్‌లన్నీ కలిపి బాడీకి తగిలించేవాళ్లు, నడిచేది. ఇప్పటి ప్లేయర్లలో స్పీకర్ రెండు వైర్లనీ లోపలి ఆంప్లిఫయరే నడుపుతుంది, ఒకటి బాడీకి తగిలితే ఆ ఆంప్లిఫయర్ చిప్పు పోవచ్చు. నా మొదటి ప్లేయర్ అలాగే పోయింది, పాత అలవాటు! ఏ వైరు ప్లస్సో తెలియకపోతే, ప్లేయర్‌కి కలపకముందే గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తెచ్చి స్పీకర్ వైర్లకి ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ అట్ట బయటికి పొంగితే సెల్ ప్లస్ తగిలిన వైరే ప్లస్. ఒక స్పీకర్‌కి తిరగేసి ఇస్తే పాట వస్తుంది గాని డప్పు చప్పుడు చచ్చిపోతుంది.

అన్నీ కలిపాక వెంటనే బిగించేయకండి. గేర్ రాడ్ దగ్గర తువ్వాలు పరిచి దానిమీద స్క్రీన్ పెట్టి, ఎఫ్ఎం, నాలుగు స్పీకర్లూ విడివిడిగా, రివర్స్ గేర్ వేస్తే కెమెరా, అన్నీ చూసుకోండి. తాళం తీశాక స్క్రీన్ ఆరిపోతోందా లేదా అన్నది మరవకండి. జీపీఎస్ యాంటెన్నాని ముందు అద్దం కింద, పైకి చూసేలా అతికించండి, డ్యాష్‌బోర్డు లోపల రేకు వెనక పడేస్తే మ్యాప్‌లో మీ కారు కాలవలో నడుస్తుంది. మిగిలిన వైర్ల కట్టని స్క్రీన్ వెనక కుక్కకండి, గ్లోవ్‌బాక్స్ వెనక బోలెడు చోటుంది. స్క్రీన్ వెనక్కి పూర్తిగా కూర్చోవట్లేదంటే కారణం నూటికి తొంభైసార్లు ఆ కట్టే.

ప్రశ్న: మా స్నేహితుడే ఫిట్ చేసిచ్చాడు. బాగానే పాడుతోంది గాని రెండు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ డౌన్. మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నాడు, అది కొని ఏడాది కూడా కాలేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: బ్యాటరీ అప్పుడే మార్చకండమ్మా. ముందు మీ స్నేహితుణ్ణి ఒక్క మాట అడగండి, పసుపూ ఎరుపూ కలిపేసి ఒకే వైరుకి ఇచ్చాడా అని. ఎరుపుకి సరైన పిన్ను వెతకడానికి బద్ధకించినవాళ్లు చేసే పని ఇది. స్క్రీన్ నల్లగా కనపడుతుంది, లోపల మాత్రం మెలకువగానే ఉండి బ్యాటరీ తాగుతుంటుంది. 300 మిల్లీయాంపులు లాగుతోందనుకుంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవడానికి అయిదు రోజులు చాలు, సెల్ఫ్ కొట్టే సత్తువ అంతకంటే ముందే పోతుంది.

రుజువు కావాలంటే తాళం తీసి, తలుపులన్నీ మూసి, నెగెటివ్ టెర్మినల్ విప్పి, టెర్మినల్‌కీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి అరగంట ఆగి చూడమనండి. 50 మిల్లీయాంపుల లోపైతే ఫరవాలేదు. మీటర్ అలా ఉండగా తాళం తిప్పి సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్‌లో ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎక్కువ చూపిస్తే ప్లేయర్ ఫ్యూజు పీకి మళ్లీ చూడండి, అంకె పడిపోయిందంటే దొంగ దొరికినట్టే.

ఇంకో ఇంట్లో దీనికి తిరగేసిన జబ్బు, కంకిపాడు నుంచి రాశారు: తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, గడియారం అన్నీ మర్చిపోతోందట. అది పసుపూ ఎరుపూ తారుమారు కావడం. కొన్ని బండ్ల సాకెట్‌లో ఆ రెండు పిన్నులూ అటూ ఇటూ ఉంటాయి. అందుకే కొన్ని కప్లర్ల వైర్ల మధ్యలో పీకి మార్చుకునే చిన్న జాయింట్లు ఇస్తారు, మార్చి పెట్టుకోండి, చాలు.

ప్రశ్న: కొత్త స్క్రీన్‌లో 98.3 మిర్చి బ్రహ్మాండంగా వస్తోంది. మా నాన్నగారు వినే ఆకాశవాణి రెయిన్‌బో 102.2 మాత్రం పట్టుకోదు. 102.1, 102.3 మీద బరబరమంటుంది. యాంటెన్నా మార్చాలా?
– ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: యాంటెన్నాది తప్పయితే రెండూ సరిగ్గా రావు. మీ రేడియో అమెరికాలో ఉంది, అంతే. అక్కడ స్టేషన్లు 0.2 చొప్పున, చివర బేసి అంకెతోనే ఉంటాయి, 98.3 దానికి తెలుసు, 102.2 అనేది ఒకటుందనే తెలియదు. రేడియో సెట్టింగుల్లో ఏరియా అనో రీజియన్ అనో ఉంటుంది, ఇండియా ఉంటే ఇండియా, లేకపోతే యూరప్ పెట్టి మళ్లీ వెతికించండి. నాన్నగారికి నా నమస్కారాలు. అన్ని స్టేషన్లూ నీరసంగా వచ్చేవాళ్లు మాత్రం నీలం వైరు చూసుకోండి, కొన్ని బండ్ల యాంటెన్నాలో బూస్టర్ ఉంటుంది, దానికి కరెంటు ఆ వైరులోంచే వెళ్లాలి.

ప్రశ్న: 4 × 60 వాట్లు అని పెట్టె మీద ఉంది. పాత స్పీకర్లు తట్టుకుంటాయా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ప్లేయర్ వెనక ఫ్యూజు చూడండి, 10 ఆంపియర్లు అని ఉంటే 14 వోల్టులతో గుణించుకోండి, అంతా కలిపి 140 వాట్లు. 240 ఎక్కడి నుంచి వస్తాయి? నిజంగా వచ్చేది స్పీకర్‌కి ఓ 20 వాట్లు, మీ పాతవి తట్టుకుంటాయి.

ప్రశ్న: మావారు స్క్రీన్ పెట్టించినప్పటి నుంచి బందరు రోడ్డు మీద కూడా క్రికెట్ చూస్తూ నడుపుతున్నారండీ. నడుస్తుంటే వీడియో ఆగిపోయేలా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేయొచ్చండీ. ప్లేయర్ వైర్లలో బ్రేక్ అని చీటీ ఉన్నది చాలావాటికి ఉంటుంది. దాన్ని హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కి కలపాలి, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే బొమ్మ వస్తుంది. కస్టమర్ గొడవ చేస్తాడని ఫిట్టింగ్ వాళ్లు దాన్ని నేరుగా ఎర్త్‌కి తగిలించేస్తారు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు తీసి సరైన చోట కలపమనండి, సెట్టింగుల్లో నడుస్తుండగా వీడియో అనే చోట టిక్కు ఉంటే అది కూడా తీయించండి. కామెంటరీ ఎలాగూ వినపడుతుంది. ఆయన అడిగితే నా పేరు చెప్పకండి.