కుక్కకి ఏ పాలసీ మంచిది అని అడిగారు, ఆ ఆదివారం రాత్రి డబ్బు ఎక్కడ్నుంచి తెచ్చారో ముందు అది మాట్లాడదాం

ప్రశ్న: విజయవాడలో ప్రైవేట్ జాబ్ చేస్తున్నాను సార్, చేతికి 48,000 వస్తాయి. అద్దె 13,000, స్కూటీ ఈఎంఐ 4,200, తెనాలిలో అమ్మకి 8,000 పంపిస్తాను, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా సిప్ 5,000 కడుతున్నాను, అందులో ఇప్పటికి 62,000 అయ్యాయి. నాకు స్వీటీ అని నాలుగేళ్ళ లాబ్రడార్ ఉంది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. పోయిన జులైలో ఒక ఆదివారం రాత్రి ముక్కులోంచి రక్తం కారితే పరిగెత్తాను, టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టి వచ్చే జ్వరం), ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి అన్నారు. నాలుగు రోజులు రోజూ తీసుకెళ్ళి డ్రిప్ పెట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. మొత్తం 34,500 అయింది. అకౌంట్లో 14,500 ఉన్నాయి, మిగతాదానికి లోన్ యాప్‌లో 20,000 తీసుకుంటే చేతికి 17,600 వచ్చాయి, తక్కువైంది ఫ్రెండ్ సర్దింది. నెలకి 7,800 చొప్పున మూడు నెలలు కట్టాను, రెండో నెల నాలుగు రోజులు లేటైతే మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేశారు. మళ్ళీ అలాంటి పరిస్థితి రాకూడదని పెట్ ఇన్సూరెన్స్ చూస్తున్నాను. ఒకటి 3,900 ప్రీమియంకి 40,000 కవర్, ఇంకోటి 8,200 కి లక్ష కవర్. ఏది తీసుకోమంటారు? రెండు కోట్‌లూ, జులై బిల్లూ పంపిస్తున్నాను. మా కొలీగ్ అయితే ఇన్సూరెన్స్ ఎందుకు, క్రెడిట్ కార్డు గీకేయమంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు స్వీటీ కోలుకుంది, అది చాలా సంతోషం. టిక్ ఫీవర్‌లో ముక్కులోంచి రక్తం వచ్చేదాకా వెళ్ళిన కుక్కని నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు, మీరు ఆ రాత్రే తీసుకెళ్ళారు కాబట్టి బతికింది. "కుక్క కోసం అంత ఖర్చా" అని మీకు ఎవరన్నా చెప్పి ఉంటే వాళ్ళ మాట వదిలెయ్యండి, ఇంట్లో పెంచుకున్న ప్రాణి బాధపడుతుంటే వైద్యం చేయించడం తప్పు ఖర్చు కాదు. తప్పు ఖర్చు వేరే ఉంది, దాని కోసమే మీ ఉత్తరం తీసుకున్నాను, ఎందుకంటే కుక్క విషయంలోనే కాదు, పిల్లల ఫీజు దగ్గరా, నాన్నగారి ఆపరేషన్ దగ్గరా కూడా ఇదే తప్పు పదే పదే చూస్తున్నాను.

సిప్‌లో ఇప్పటికి 62,000 ఉన్నాయి, ఆ జులైకి కూడా కొంత పోగై ఉంటుంది. అది ముట్టుకోకుండా లోన్ యాప్‌కి వెళ్ళారు. చేతికొచ్చింది 17,600, కట్టింది 23,400. మూడు నెలలకి 5,800 వడ్డీ అంటే పెద్దగా అనిపించదు కానీ లెక్క వేస్తే నెలకి 15 శాతం పైనే పడింది, ఏడాదికి 180 శాతం దాటుతుంది. మన ఊళ్ళల్లో పది రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్ళని ఎన్ని తిట్లు తిడతాం, ఇది పదిహేను రూపాయల వడ్డీ అమ్మా. ఆ మూడు నెలలూ ఇంకో పక్క 5,000 సిప్ కడుతూనే ఉన్నారు! సిప్ ఆపకూడదు అని ఎక్కడో విని ఉంటారు, ఆ మాట మార్కెట్ పడిందని భయపడి ఆపేసేవాళ్ళ కోసం చెప్పింది, పదిహేను రూపాయల వడ్డీ కడుతూ కూడా ఆపొద్దని కాదు.

మీరు ఏమంటారో తెలుసు, ఆదివారం రాత్రి మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అమ్మితే చేతికి రావడానికి రెండు మూడు వర్కింగ్ డేస్ పడుతుంది కదా సార్ అంటారు. నిజమే. అందుకే ఎమర్జెన్సీ ఫండ్ అనేది వేరేగా ఉండాలి అని ఇంత మొత్తుకుంటున్నాను. రాత్రి పదకొండింటికి క్లినిక్ కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్ తీస్తే వెళ్ళిపోయే డబ్బు, అది ఎమర్జెన్సీ ఫండ్, మిగతావన్నీ పొదుపులే, మంచివే, కానీ ఆ రాత్రికి పనికిరావు.

ఇప్పుడు మీరు అడిగిన పాలసీల దగ్గరికి వస్తాను. రెండు కోట్‌లూ మొత్తం చదివాను. మొదటి దాంట్లో 24 గంటలు అడ్మిట్ అయితేనే క్లెయిమ్ అని ఉంది. స్వీటీని మీరు నాలుగు రోజులూ తీసుకెళ్ళి డ్రిప్ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నారు, మన దగ్గర చాలా క్లినిక్‌లలో జరిగేది అదే, రాత్రి ఉంచుకునే చోట్లు తక్కువ. అంటే పోయిన జులైలో ఈ పాలసీ చేతిలో ఉన్నా మీకు ఒక్క రూపాయి వచ్చేది కాదు, 3,900 కూడా అదనంగా పోయేది. చవక అని దీన్ని చూడకండి.

రెండోది నయం, డే కేర్, అంటే రాత్రి ఉంచకుండా చేసే వైద్యం కూడా ఉంది. కానీ లెక్క చూడండి. 34,500 బిల్లులో ముందు చేసిన కన్సల్టేషనూ రక్త పరీక్షలూ 6,500, అవి వాళ్ళు ఇవ్వరు. మిగిలిన 28,000 లో 20 శాతం కో-పే, మీ చేతి నుంచి పెట్టుకునే వాటా, అంటే 5,600. వచ్చేది 22,400. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, బాగానే ఉంది కూడా. అయితే ఆ 22,400 ఎప్పుడొస్తుంది? మీరు ముందు మొత్తం కట్టి, బిల్లులు, రిపోర్ట్‌లు, డాక్టర్ సంతకం పెట్టిన ఫారం, వాక్సిన్ కార్డు అన్నీ పంపాక, వాళ్ళు చూసి ఓకే అన్నాక. పెట్ పాలసీల్లో చాలావరకు రీయింబర్స్‌మెంటే, మనుషుల హాస్పిటల్‌లో లాగా కార్డు చూపించి వెళ్ళిపోవడం కాదు. కాబట్టి పాలసీ ఉన్నా ఆ ఆదివారం రాత్రి మీరు మళ్ళీ అదే లోన్ యాప్ ఓపెన్ చేసేవాళ్ళే. చేతిలో డబ్బు లేనప్పుడు రీయింబర్స్‌మెంట్ పాలసీ మిమ్మల్ని అప్పు నుంచి కాపాడలేదు, అప్పు చేసిన తర్వాత కొంత తీరుస్తుంది అంతే. నేను ముందు ఎమర్జెన్సీ ఫండ్, తర్వాత పాలసీ అనడానికి కారణం ఇదొక్కటే.

ఫండ్ ఎలా కట్టాలో చెప్తాను, మీ విషయంలో కష్టం కూడా కాదు. ఆ 62,000 లోంచి 40,000 మేరకి యూనిట్లు అమ్మేయండి, ఏడాదిలోపువి అమ్మితే చాలా ఫండ్లలో ఎగ్జిట్ లోడ్ (తొందరగా అమ్మినందుకు కోసుకునే చార్జీ) పడుతుంది కాబట్టి పాతవే ముందు. ఈక్విటీ ఫండ్‌లో లాంగ్ టర్మ్ (ఏడాది దాటిన యూనిట్ల) లాభం ఏడాదికి 1,25,000 దాటితేనే టాక్స్, వాటి మీద మీకు ఆ బాధ లేదు. ఆ డబ్బు జీతం పడే అకౌంట్‌లో వద్దు, వేరే బ్యాంక్‌లో స్వీప్-ఇన్ (ఎక్కువ ఉన్న డబ్బు దానంతట అదే ఎఫ్‌డీలోకి వెళ్ళి, కావాల్సినప్పుడు వెనక్కి రావడం) ఉన్న సేవింగ్స్ అకౌంట్ తెరిచి అందులో వేసి యూపీఐ లింక్ చేసుకోండి. యూపీఐలో మామూలుగా రోజుకి లక్ష దాకా వెళ్తుంది, అంతకంటే ఆ రాత్రి అవసరం రాదు. కొంత లిక్విడ్ ఫండ్‌లో పెట్టుకుంటాను అంటే ఇన్‌స్టంట్ రిడెంప్షన్ (అమ్మగానే డబ్బు వచ్చే వీలు) ఉన్నది చూసుకోండి, రోజుకి 50,000 గానీ ఉన్నదాంట్లో 90 శాతం గానీ ఏది తక్కువైతే అది వెంటనే ఇస్తారు.

తర్వాత ఇంకో ప్రశ్న. ఆ మూడు నెలలు నెలకి 7,800 యాప్‌కి కట్టగలిగారు, ఆ 7,800 ఇప్పుడు ఎటు పోతోంది? లోన్ అయిపోయాక ఆ డబ్బు తెలియకుండా ఖర్చుల్లో కలిసిపోయి ఉంటుంది, అందరికీ అదే జరుగుతుంది. అదే 7,800, సిప్ 5,000 కొన్నాళ్ళు ఆపి అది కూడా, రెండూ కలిపి 12,800 జీతం పడిన రోజే ఆ వేరే అకౌంట్‌కి ఆటోమేటిక్‌గా వెళ్ళేలా పెట్టండి. ఆరు నెలల్లో 76,800. చేతిలో ఉన్న 40,000 తో కలిపితే 1,16,800. మీ తప్పనిసరి ఖర్చు నెలకి 35,000 దాకా ఉంటుంది అనుకుంటే మూడు నెలల ఖర్చు వచ్చేసినట్టే, అప్పుడు సిప్ మళ్ళీ మొదలుపెట్టండి. మధ్యలో ప్రీమియంలు కట్టాల్సొస్తే ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అవుతుంది, పర్లేదు.

ప్రీమియం అంటే గుర్తొచ్చింది, అమ్మగారికి హెల్త్ పాలసీ ఉందా? మీ ఉత్తరంలో స్వీటీ గురించి రెండు పాలసీలున్నాయి, ఆవిడ గురించి 8,000 పంపిస్తాను అన్న మాట తప్ప ఇంకేం లేదు. తప్పు పట్టడం లేదు, కానీ రేపు ఆవిడకి గుండెకో మోకాలికో ఏదన్నా వస్తే అది 34,500 తో పోదు. ముందు రేషన్ కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో తెనాలి సచివాలయంలో కనుక్కోండి. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో పేరెంట్స్‌ని కలుపుతారేమో హెచ్‌ఆర్‌ని అడగండి. రెండూ కాకపోతే స్వీటీ పాలసీ కంటే ముందు ఆవిడ పాలసీ. ఒక విషయం, అమ్మగారి ప్రీమియంకి పాత టాక్స్ పద్ధతిలో పన్ను మినహాయింపు ఉంది, కుక్క పాలసీకి లేదు, ఎవరన్నా ఉందని అమ్మితే నమ్మకండి.

అలాగని స్వీటీ పాలసీని ఏళ్ళ తరబడి వాయిదా వెయ్యమనట్లేదు. కుక్కలకి ఎంట్రీ ఏజ్, అంటే పాలసీలో చేరడానికి వయసు పరిమితి ఉంటుంది, పెద్ద బ్రీడ్‌లకి కొన్ని కంపెనీలు ఆ వయసు ఇంకా తక్కువ పెడతాయి, స్వీటీకి నాలుగేళ్ళు కాబట్టి టైమ్ ఉంది కానీ మరీ ఎక్కువ లేదు. ఫండ్‌లో 40,000 ఈ నెలలోనే వచ్చి పడతాయి కాబట్టి వచ్చే నెల, రెండు నెలల్లో ఆ రెండోది తీసుకోవచ్చు. ప్రపోజల్ ఫారంలో టిక్ ఫీవర్ వచ్చిందని రాయండి, దాచకండి. రాస్తే దాన్ని పాత జబ్బు అని కొన్నాళ్ళు పక్కన పెడతారేమో, దాస్తే రేపు కాలు విరిగిన క్లెయిమ్ కూడా ఆపడానికి వాళ్ళకి సాకు ఇచ్చినట్టవుతుంది. వాక్సిన్ కార్డులో రేబిస్, ఏటేటా వేసే బూస్టర్ ఒక్కటి తప్పినా డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకి డబ్బివ్వరు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న చిప్) వేయించండి, ఆ 15 అంకెల నంబరే ఈ కుక్క ఆ కుక్కే అని చెప్పే ఆధారం. లాబ్రడార్ కాబట్టి తుంటి కీలు సమస్య పుట్టుకతో వచ్చే జబ్బు కింద తీసేశారా అన్నది తప్పకుండా చూడండి, ఈ బ్రీడ్‌లో ఎక్కువ ఖర్చు పెట్టించేవాటిలో అదొకటి.

థర్డ్ పార్టీ లయబిలిటీ (మీ కుక్క వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కవర్) ఉంటే వదలకండి. స్వీటీ ఎంత మంచిదైనా లిఫ్ట్‌లో ఎవరి పిల్లాడన్నా తోక తొక్కితే ఏం జరుగుతుందో చెప్పలేం. భారతీయ న్యాయ సంహిత 291 ప్రకారం పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. జైలూ జరిమానా పాలసీ భరించదు, కానీ ఎదుటివాళ్ళ వైద్యానికీ నష్టపరిహారానికీ ఈ కవర్ ఉపయోగపడుతుంది.

పిల్లులున్న వాళ్ళు కూడా ఇవే చూసుకోవాలి, కాకపోతే పిల్లులకి పాలసీలు తక్కువ.

ముందే తెలిసిన ఖర్చులని ఎమర్జెన్సీలో కలపకండి. స్వీటీకి ఆపరేషన్ చేయించలేదన్నారు, ఆడకుక్కకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది, అది వస్తే అర్ధరాత్రి ఆపరేషనే, ఖర్చూ ఎక్కువ, ప్రాణానికీ ముప్పు. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయిస్తే ఆ భయమే ఉండదు. గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, ఒకసారి వెళ్ళి డాక్టర్లతో మాట్లాడండి, ప్రైవేట్ క్లినిక్‌తో పోలిస్తే అక్కడ ఖర్చు బాగా తక్కువ. పిడుదులకి వేసే మందు నెలనెలా తప్పకండి, వానాకాలం అయితే అస్సలు తప్పకండి. పోయిన జులై 34,500 కి మూలం ఆ పిడుదులే.

మీ కొలీగ్ క్రెడిట్ కార్డు గీకేయమన్నారని చివర్లో రాశారు. గడువులోగా పూర్తిగా కట్టగలిగితే గీకండి, కానీ అలా కట్టగలిగేది ఫండ్ ఉన్నవాళ్ళే. మినిమమ్ డ్యూ కట్టి లాగిస్తే నెలకి మూడు, మూడున్నర శాతం పడుతుంది, అది కూడా గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి. ఫండ్ లేనివాళ్ళకి కార్డు కూడా లోన్ యాపే, కాస్త మర్యాదగా మాట్లాడుతుంది అంతే తేడా.

ఆ యాప్ సంగతి కూడా ఇవాళే తేల్చేయండి. బాకీ తీరిందని నో డ్యూస్ లెటర్ తీసుకుని, ఫోన్‌లో కాంటాక్ట్స్ పర్మిషన్ తీసేసి యాప్ తొలగించండి. మీ కాంటాక్ట్స్ చూసి టీమ్ లీడ్‌కి ఫోన్ చెయ్యడం ఆర్‌బీఐ రూల్స్‌కి విరుద్ధం, స్క్రీన్‌షాట్‌లు, కాల్ వివరాలు ఉంటే ఆర్‌బీఐ పెట్టిన సచేత్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఇక రెండో కోట్ ఇచ్చిన కంపెనీకి రెండే ప్రశ్నలు మెయిల్ చెయ్యండి: టిక్ ఫీవర్ మళ్ళీ వస్తే ఎన్నాళ్ళ తర్వాత ఇస్తారు, డే కేర్ డ్రిప్‌కి రోజుకి లిమిట్ ఎంత. ఫోన్‌లో ఏజెంట్ చెప్పింది లెక్కలోకి రాదు, మెయిల్‌లో జవాబు వచ్చాకే 8,200 కట్టండి.