వైజాగ్‌లో ఐస్ లేదు, మరి పాప ఫిగర్ స్కేటింగ్ ఎలా?

తొమ్మిదేళ్ల పాప వుడా పార్కులో చక్రాల స్కేట్లు నేర్చుకుంటోంది, ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్ పోటీలకు వెళ్తానంటోంది, ఇప్పుడే ఐస్ రింక్ ఉన్న గురుగ్రామ్‌కి మారిపోవాలా అని అడిగారు కదండీ. ఇప్పుడే వద్దు. అంతర్జాతీయ జూనియర్ పోటీలకు సీజన్‌కి ముందు జూలై 1 నాటికి 13 ఏళ్లు నిండాలి. సీనియర్‌కైతే 2024-25 నుంచి 17. టైమ్ ఉంది, టెన్షన్ పడకండి.

పాప చక్రాల మీద చేస్తున్నది స్పీడ్ (వేగంగా పరుగెత్తే పందెం) స్కేటింగ్ అయితే, ముందు అది మాన్పించి ఆర్టిస్టిక్‌లో, అంటే చక్రాల మీదే జంప్‌లు, స్పిన్‌లు చేసే స్కేటింగ్‌లో చేర్చండి. ఐస్ బ్లేడు అడుగున సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు ఉంటాయి. ఫిగర్ స్కేటింగ్‌లో లట్జ్ అనే జంప్‌కి బయటి అంచు మీద వెనక్కి జారుతూ ఎగరాలి. చివరి క్షణంలో కాలు లోపలికి వాలిందా, మార్కులు పోయినట్టే. ఆ వాలు చక్రాల మీదే చాలావరకు అలవాటవుతుంది.

షూ మాత్రం సరిగ్గా పట్టేది కొనండి. పెరిగే పిల్లాడు కదా అని మా వాడికి ఒక సైజు పెద్దది కొని, రెండు జతల సాక్సులు తొడిగి ఏడాది పాడుచేశాను. మడమ లోపల ఆడుతుంటే అంచు నిలవదు.

వేసవి సెలవుల్లో రెండు వారాలు గురుగ్రామ్ తీసుకెళ్లి ఐస్ మీద దింపి చూడండి. చక్రాల స్కేటు ముందుండే రబ్బరు స్టాపర్ (ఆగడానికి వాడేది) అలవాటుతో ముందుకు వాలి, బ్లేడు ముందుండే పళ్లు తగిలి మొదటిరోజు బోర్లా పడుతుంది. గ్లవ్స్ మర్చిపోకండి.