పెరటి ప్రశ్నలు: మనీ ప్లాంట్ ఆకులు చిన్నవైపోతున్నాయా?

ప్రశ్న: మా బాల్కనీ గ్రిల్లు మీంచి మనీ ప్లాంట్ తీగ ఆరేడు అడుగులు కిందికి వేలాడుతోంది. పోనుపోను ఆకులు చిన్నవైపోతున్నాయి. అదే మొక్క ఎదురింటి మామిడిచెట్టు మీద చేటంత ఆకులు వేస్తోంది. ఎరువు చాలడం లేదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఎరువు లోటు కాదండీ, ఆసరా లోటు. ఫ్రెంచ్ పాలినేషియాలోని మొరేయా దీవి దీని పుట్టిల్లు. చెట్ల మానులు పట్టుకుని పైకి పాకే జాతి ఇది. కణుపు దగ్గరి గాలివేరు తడిగా, గరుకుగా ఉన్నదాన్ని అంటుకుంటే తీగ లావెక్కుతుంది, ఆకు పెరుగుతుంది, బాగా ముదిరితే అంచులు చీలతాయి కూడా. పట్టు దొరక్క వేలాడితే కణుపుల మధ్య ఎడం పెరిగి ఆకు కుంచించుకుపోతుంది.

రెండంగుళాల పీవీసీ పైపు అయిదడుగులది తీసుకోండి. అడుగున ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేసి అడ్డంగా ఓ పుల్ల దూర్చండి, మట్టిలో పైపు తిరిగిపోకుండా ఉంటుంది. కింది పది అంగుళాలు వదిలి, మిగతాదంతా కొబ్బరితాడు సందు లేకుండా బిగించి చుట్టండి. పన్నెండంగుళాల కుండీ మధ్యలో నిలబెట్టి, ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరిపొట్టు) ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు కలిపి నింపండి.

వేలాడుతున్న పాత తీగను ఎక్కించాలని చూడకండి. ముదిరిన చిన్నాకు మళ్లీ పెద్దదవదు. దాన్ని రెండేసి కణుపుల ముక్కలుగా కోసి, పైపు చుట్టూ అయిదారు నాటండి. కోత కణుపుకు అరంగుళం కింద పడాలి. కణుపు లేని కాడ ఎన్నాళ్లు నీళ్లలో ఉంచినా కొత్త మొక్క రాదు. చిగురు సాగేకొద్దీ గాలివేర్లున్న వైపు తాటికి ఆనించి, నూలుదారంతో వదులుగా కట్టండి. దారం తీగకు పడాలి గానీ ఆకుకాడకు కాదు.

చాలామంది దగ్గర ఇది తేడా కొట్టేది ఒక్కచోటే: నీళ్లన్నీ కుండీకి పోసి తాటిని ఎండగడతారు. ఎండిన పీచును వేరు పట్టుకోదు. రోజూ తాడు తడిసేలా పిచికారీ చేయండి, ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలా. పట్టు దొరికిన తీగకు వచ్చే ప్రతి కొత్త ఆకూ ముందుదానికంటే కాస్త పెద్దదిగా ఉంటే సరిగ్గా సాగుతున్నట్టే. ఇంట్లో మాత్రం మామిడిచెట్టు మీది సైజు ఆశించకండి.

ప్రశ్న: గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టాం. ఆకులు పసుపెక్కుతున్నాయి, నీళ్లు పచ్చబడుతున్నాయి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పచ్చదనం నాచు. వెలుతురు నేరుగా సీసాకు తగిలితే పడుతుంది. ముదురు రంగు సీసాకు మార్చండి, లేదా కాగితం చుట్టండి. నీళ్లలో ఒకటి రెండు కణుపులే మునగాలి, ఆకు మునిగితే కుళ్లి నీళ్లు కంపు కొడతాయి. వారానికోసారి నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే ముందురోజు రాత్రి పట్టి మూతలేకుండా ఉంచండి. వేళ్లు తెల్లగా గట్టిగా ఉంటే సరే. గోధుమరంగుకు తిరిగి జారుగా ఉంటే అంతవరకూ కోసేయండి. వేళ్లు బాగుండీ ఆకు పసుపెక్కుతోందంటే ఆకలి. నెలకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీళ్లకు పావు గ్రాము చాలు. మోతాదు పెంచితే వేరుకొసలు మాడతాయి.

ప్రశ్న: తెల్ల మచ్చల రకం కొన్నాం. ఇప్పుడు కొత్త ఆకులన్నీ పచ్చగానే వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: తెల్లభాగంలో పత్రహరితం ఉండదు. వెలుతురు తగ్గితే మచ్చలు తగ్గి పచ్చదనం పెరుగుతుంది, మీ దగ్గర చలికాలంలో ఇది మరీ ఎక్కువ. చివరగా మచ్చలున్న ఆకు ఏ కణుపు దగ్గరుందో చూసి, దానికి కాస్త పైన కోసేయండి. కుండీని తూర్పు కిటికీకి చేర్చండి. మధ్యాహ్నపు ఎండ మాత్రం తగలనివ్వొద్దు, తెల్లభాగమే ముందు మాడుతుంది. చలికాలంలో ఆకు కిటికీ అద్దానికి ఆనితే నల్లమచ్చలు పడతాయి, జానెడు ఎడంగా జరపండి.

ప్రశ్న: ఇంట్లో పిల్లి ఉంది, పాకే పాపాయి ఉంది. ఈ మొక్క పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అందనంత ఎత్తులోనే పెట్టండి, తీగ కిందికి జారకుండా ఎప్పటికప్పుడు కత్తిరించండి. ఆకులో, కాడలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, వాంతులూ కావచ్చు. ముక్కలు తీసేసి, తడిగుడ్డతో నోరు తుడిచి నీళ్లు తాగించండి. నాలుకో గొంతో వాచినా, మింగడం కష్టమైనా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లినైతే పశువైద్యుడికి చూపించండి. కత్తిరించాక మీరూ చేతులు కడుక్కోండి. కొందరికి ఆ రసం తగిలితే దురద వస్తుంది.