హుషారు ఏ భాష మాట? ఉత్సాహమూ హుషారూ ఒకటేనా?

హుషారు ఫారసీ మాట. ఫారసీలో ‘హోష్’ అంటే స్పృహ, తెలివి. ‘హోష్‌యార్’ అంటే తెలివిలో ఉన్నవాడు, ఏమరుపాటు లేనివాడు. ఉర్దూలో స్పృహ తప్పినవాణ్ణి ‘బేహోష్’ అంటారు చూడండి, ఆ హోష్ ఇదే. హిందీలో అది హోషియార్‌గానే ఉంది. మరాఠీలోనూ దక్కనీ ఉర్దూలోనూ అరిగి హుషార్ అయింది. బజార్‌ను బజారు, దర్బార్‌ను దర్బారు చేసుకున్నట్టే దీనికీ చివర ఉకారం తగిలించి మనం వాడుకుంటున్నాం. అచ్చ తెలుగు మాటల్లో ‘ష’ ఉండదు కాబట్టి ఆ అక్షరం కనబడగానే ఇది బయటి నుంచి వచ్చిందని పట్టేయొచ్చు.

మాది గుంతకల్లు. చుట్టాల్లో సగం మంది బళ్లారి వైపువాళ్లు. అందుకని ఈ మాటను మూడు రకాలుగా వింటూ పెరిగాను. మా వీధిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘హుషార్ బచ్చా’ అంటే బాగా చదివే పిల్లాడు. కన్నడంలో ‘హుషారు’ అంటే జాగ్రత్త, ‘హుషారిల్ల’ అంటే ఒంట్లో బాగాలేదని. ఒకసారి బళ్లారి అత్త ఫోన్ చేసి ‘మీ మామకు హుషారు లేదు’ అంటే, మా నాయన ‘ఎందుకుమ్మా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?’ అని అడిగినాడు. ఆ మనిషేమో జ్వరంతో మంచం మీద ఉన్నాడు. పక్కనున్న మా జేజి ఫోన్ లాక్కుని సంగతి కనుక్కునింది.

మా సీమలో ఇట్లాంటి మాటలు ఎక్కువ ఉండటంలో వింత లేదు. కడపలో, కర్నూలులో నవాబులు ఏలినారు. గుత్తి కోట కొన్నాళ్లు మరాఠా మురారిరావు చేతిలో ఉంది, తర్వాత హైదర్ అలీ పట్టుకున్నాడు. ఆఖరికి 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. తహసీల్దారు, జమాబందీ, ఖరారు లాంటివి సర్కారు కచేరీల గుండా వచ్చిన మాటలు. హుషారు మాత్రం కాగితాల్లోంచి వచ్చినట్టు నాకనిపించదు. సంతల్లోనో సిపాయిల నోటనో పాకి ఉంటుంది, ఇది నా ఊహే.

తెలుగులోకి వచ్చాక దాని తీరు మారింది. తెలివిగా మసలేవాడు చురుగ్గా ఉంటాడు, చురుగ్గా ఉన్నవాడు ఉల్లాసంగా కనిపిస్తాడు. మనకు ఆ చివరి అర్థమే బాగా నచ్చినట్టుంది. ఇంకో తమాషా, రెండు గుక్కలు పడినవాణ్ణి కూడా ‘మంచి హుషారు మీదున్నాడు’ అంటాం. స్పృహలో ఉన్నవాడు అనే మాట, అది తప్పడానికి సిద్ధంగా ఉన్నవాడికి అతికింది!

చలాకీదీ ఇదే వరస. ఫారసీ ‘చాలాక్’ నుంచి వచ్చింది. హిందీలో ‘చాలాకీ’ అంటే టక్కరితనం, మనకేమో మెచ్చుకోలు. ఉత్తరాది స్నేహితుడి కొడుకును మెచ్చుకోవాలంటే ఈ మాట జోలికి పోవద్దు.

ఇక ఉత్సాహం సంగతి. అది సంస్కృతం. పట్టుదల, పూనిక అనే బరువు అందులో ఉంది. అలంకార శాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, ఉత్సాహమే. రాజుకు ఉండాల్సిన మూడు శక్తుల్లోనూ ప్రభుశక్తి (ఖజానా, సైన్యాల బలం), మంత్రశక్తి (ఆలోచన బలం) పక్కన ఉత్సాహశక్తిని చెప్పారు. ఉత్సాహం ఏదో ఒక పని మీదికి పోతుంది: చదువు మీద, సేద్యం మీద, ఎన్నికల మీద. హుషారుకు పనంటూ ఉండక్కర్లేదు. పొద్దున లేచింది మొదలు ఊరికే గెంతులేసే పిల్లలో ఉండేది హుషారు.

పరీక్షలో పర్యాయపదాలు అడిగితే రెండూ ఒకటేనని రాసేయండి, మార్కు పోదు. కథ రాస్తుంటే మాత్రం చూసి వాడండి. యుద్ధానికి బయల్దేరిన రాజుకు హుషారు అంటగడితే చదివేవాళ్లకు నవ్వొస్తుంది.