ఒక కప్పు అన్నం అంటే ఏ కప్పు తమ్ముడూ?

మొన్న తిరుపతి నుంచి కొత్తగా డల్లాస్ వచ్చిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆరు నెలల్లో ఏడు కిలోలు పెరిగినాను, తినేదంతా యాప్‌లో రాస్తానే ఉండాను, రోజుకు 1500 కాలరీలే చూపిస్తా ఉంది, ఇదెట్టా?" అని. అన్నం ఎంత తింటున్నావంటే పూటకు ఒక కప్పు అన్నాడు. ఏ కప్పు అంటే రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు. అది బియ్యమా, అన్నమా అని అడిగేసరికి అటువైపు చప్పుడు లేదు.

సంగతి అక్కడే ఉంది. కుక్కర్ కప్పు 180 మిల్లీలీటర్లు, అందులో పట్టే బియ్యం దాదాపు 150 గ్రాములు, అంటే 530 కాలరీల దాకా. వీడు యాప్‌లో రాసిందేమో 'ఒక కప్పు వండిన అన్నం', అది 200 చిల్లర. పూటకు 300కు పైగా లెక్కలోకి రాకుండా పోతుంటే యాప్ మాత్రం ఏం చేస్తుంది? నేనూ మొదటి ఏడాది ఇదే పని చేశాను కాబట్టి వాడిని నవ్వే హక్కు నాకు లేదు.

కప్పులతో ఇంకో చిక్కు, అవి దేశానికొకటి. అమెరికా లేబుళ్ళ మీద కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. టేబుల్ స్పూన్ ఇక్కడ 15, ఆస్ట్రేలియాలో 20. మా అవ్వ ఇత్తడి సోలతో పోసేటప్పుడు పైన గోపురం కడితే ఒక లెక్క, చేత్తో సమంగా తీస్తే ఇంకో లెక్క. కప్పు కూడా అంతే. గ్రాము ఒక్కటే ఎక్కడైనా గ్రామే.

కాబట్టి వచ్చిన మొదటి నెలలోనే ఒక డిజిటల్ కిచెన్ స్కేల్ కొనుక్కోండి. ఖరీదైనది అక్కర్లేదు. 5 కిలోల దాకా మోసేది, ఒక గ్రాము తేడా చూపించేది చాలు. మీ గిన్నె పెట్టినప్పుడు అంకెలు కనపడతాయా లేదా అన్నది మాత్రం చూసుకోండి, నా మొదటి స్కేల్ మీద పెద్ద గిన్నె పెడితే నేల మీద వంగి కింది నుంచి చదవాల్సి వచ్చేది. యూనిట్ గ్రాముల్లో ఉందో లేదో ప్రతిసారీ చూడండి, ఒక ఔన్స్ అంటే 28 గ్రాములు దాటుతుంది, పొరపాటున ఆ బటన్ నొక్కితే వంటంతా తలకిందులు. సరిగ్గా తూస్తోందా అని అనుమానమొస్తే నాలుగు నికెల్ నాణేలు (ఇక్కడి అయిదు సెంట్లవి) పెట్టండి, ఒక్కోటి 5 గ్రాములు, 20 చూపించాలి. గుడ్డ మీదా, ఎగుడుదిగుడు గట్టు మీదా పెట్టొద్దు.

ఇక అందరూ అడిగేది: ఇంట్లో నలుగురికీ ఒకే గిన్నెలో వండితే నా వాటా ఎంతో ఎట్లా తెలుస్తుంది? ఖాళీ గిన్నె బరువు ఒక్కసారి తూచి మార్కర్‌తో అడుగున రాసి పెట్టుకోండి. మాది 640. బియ్యం 300 గ్రాములు పోశామనుకోండి, ఉడికాక గిన్నెతో సహా 1440 వచ్చింది, అంటే అన్నం 800. నా ప్లేట్లో 200 పెట్టుకుంటే పావు వంతు, అంటే 75 గ్రాముల బియ్యం. అన్నం మెత్తగా వండారా పొడిపొడిగా వండారా అన్న గొడవే లేదు, నీళ్ళు ఎన్ని పోసినా లెక్క మారదు. పప్పుకూ, పులుసుకూ ఇదే. సంగటి తూచి ఆ బరువును రాగిపిండి కింద రాసేవాళ్ళున్నారు, ముద్దలో ఎక్కువ భాగం నీళ్ళే, అట్లా రాస్తే ఆ ఒక్క ముద్దతోనే రోజు కోటా అయిపోయినట్టు చూపిస్తుంది.

నూనెకు ఒక చిట్కా ఉంది. సీసానే స్కేల్ మీద పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేసి, బాండలిలో పోసి మళ్ళీ పెట్టండి. మైనస్ 32 అని వస్తే 32 గ్రాములు పోసినట్టు. అది 290 కాలరీలకు దగ్గర. తాలింపుకు 'కొంచెమే' పోశాను అనుకునేవాళ్ళందరూ ఒక వారం ఈ పని చేసి చూడండి. స్కేల్‌లో ఎంఎల్ అని ఉండే యూనిట్‌ను మాత్రం నూనెకు నమ్మొద్దు, అది నీళ్ళ లెక్క, నూనె నీళ్ళకన్నా తేలిక.

ఇక్కడి ప్యాకెట్ల మీద 'సర్వింగ్' అని ఉంటుంది. బియ్యానికి 45 గ్రాములు, చెనిక్కాయలకు 28. ఊరిబిండి పచ్చడి నూరుకునే మన ఇళ్ళల్లో 28 గ్రాముల చెనిక్కాయలు నోట్లో వేసుకుని రుచి చూడ్డానికే సరిపోతాయి. సర్వింగ్ కాలరీలు చూసి సంబరపడకుండా మీ ప్లేట్లో ఎన్ని గ్రాములుందో చూడండి.

ఇంగువ, పసుపు లాంటివి ఈ స్కేల్‌కు ఆనవు. చిటికెడు చిటికెడుగా వేస్తే కొన్ని అసలు కదలనే కదలవు. వాటికి చెంచానే మేలు.

పోయినసారి గంగమ్మ జాతరకు ఊరెళ్ళినప్పుడు ఒక స్కేల్ అమ్మకు తీసుకెళ్ళాను. "వంటకు త్రాసేందిరా" అని నవ్వింది. నాయన మాత్రం, తిరుమల కొండ మీద పోటులో (గుడి వంటశాలలో) దిట్టం (సరుకుల కొలతల పట్టీ) లేకుండా లడ్డు పడతారా, 5100 లడ్డులకు శెనగపిండి 180 కిలోలు, చక్కెర 400 అని రాసి పెట్టుకునే కదా చేసేది అన్నాడు. సరే అని అమ్మను మూడుసార్లు పిడికెడు కందిపప్పు వెయ్యమన్నాను. 42, 41, 42. తర్వాత నేను వేశాను. 55, 70, 48. ఇన్నేళ్ళుగా ఆమె చెప్పిన 'రెండు పిడికిళ్ళు' నా పప్పులో ఎందుకు కుదరలేదో అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి అమ్మ ఫోన్‌లో నిమ్మకాయంత చింతపండు అనడం మానేసి ఇరవై గ్రాములు అంటోంది. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం "చాలినంత వేసుకోరా" అనే అంటుంది, నేనూ ఇంకేం అడగను.