కవిటిలో నాన్నగారికి కోవిడ్: షాపువాళ్లు ఇచ్చిన ఐవర్‌మెక్టిన్, డెక్సా వాడాలా?

"ఇవి వాడిన అందరికీ తగ్గింది" అన్న మాటే మిమ్మల్ని తికమక పెడుతోంది. స్వల్ప లక్షణాలైతే చాలామందికి ఏ మందూ లేకపోయినా తగ్గుతుంది. పేరు మాత్రం మాత్రకు వస్తుంది.

1. ఐవర్‌మెక్టిన్ (పరాన్నజీవుల మీద వాడే మందు) వద్దు. 2021 సెప్టెంబరులోనే మన దేశ చికిత్సా మార్గదర్శకాల నుంచి తీసేశారు.

2. డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) అసలే మొదలుపెట్టొద్దు. 2020లో బ్రిటన్‌లో 'రికవరీ' అనే కోవిడ్ మందుల పరీక్షలో దీన్ని రోజుకు 6 మి.గ్రా. ఇస్తే, ఆక్సిజన్ పెట్టినవాళ్లలో మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ కనబడలేదు. నాన్నగారికి షుగరుంది అన్నారు, స్టెరాయిడ్‌తో అది ఎగబాకుతుంది. ఇప్పటికే వేసుంటే ఇవాళే డాక్టరుకు చెప్పండి.

3. అందరూ వదిలేసేది ఇదే: కూర్చోబెట్టి చూసినప్పుడు ఆక్సిజన్ 96 ఉందని ఊరుకుంటే సరిపోదు.
గోరింటాకు లేని, వెచ్చగా ఉన్న వేలికి ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) పెట్టండి.
అంకె కదలకుండా నిలిచేదాకా ఆగి రాసుకోండి.
గదిలోనే 6 నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. ఆయాసం వస్తే వెంటనే ఆపేయండి.
3 పాయింట్లు పడినా, 94 కంటే తగ్గినా, ఆయాసమొచ్చినా 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.
పొద్దున, సాయంత్రం రెండుపూటలా చేయాలి.

4. జ్వరానికి పారాసిటమాల్ చాలు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం, నాన్నగారికీ ఆ జబ్బు బయటపడకుండానే ఉండొచ్చు. కిడ్నీలను దెబ్బతీయగల డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు.