నెలకు వంద రూపాయల యూనియన్ చందా దండగేనా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది ఎర్రగుంట్ల. సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద పని చేస్తున్నాను. మూడేళ్ల కింద కాంట్రాక్టరు మారాడు, పని మాత్రం అదే. రోజుకు 650, నెలకు 26 డ్యూటీలు. కటింగులన్నీ పోను చేతికి 14,823 వస్తుంది. వారానికి ఒకరోజు నాలుగు గంటలు ఎక్కువ చేయిస్తారు, దానికీ మామూలు రేటే కట్టిస్తారు. దసరాకు బోనస్ అని 2,000 ఇస్తారు. యూనియన్‌లో చేరమని తోటివాళ్లు అంటున్నారు. చేరేటప్పుడు 200, తర్వాత నెలకు 100. ఆ వంద పోస్టాఫీసులో కట్టుకున్నా పాపకు పనికొస్తుందని మా ఇంట్లో అంటోంది. చేరానని సూపర్‌వైజర్‌కు తెలిస్తే పని పోతుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది. చేరమంటారా, వద్దంటారా?

జవాబు: తమ్ముడూ, మీ ఇంట్లో ఆవిడ మాట దగ్గరే మొదలుపెడతాను. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. నెలకు 100 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో ఐదేళ్లు కడితే మీరు కట్టేది 6,000. 6.7 శాతం వడ్డీతో చేతికి వచ్చేది దాదాపు 7,137. చేరే రుసుము 200 కూడా కలుపుకుంటే, యూనియన్ వల్ల మీకు ఏడాదికి సుమారు 1,500 రూపాయలైనా అదనంగా రావాలి. అంతకంటే తక్కువ వస్తే ఆవిడ మాటే నెగ్గినట్టు.

ఇప్పుడు మీ జీతం చూద్దాం. 650 చొప్పున 26 రోజులకు 16,900. అందులో పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 127, వృత్తి పన్ను 150 పోతే సరిగ్గా 14,823. పీఎఫ్‌ను 15,000 మీదే లెక్కగట్టారు, దానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి కటింగుల్లో నాకు తప్పేమీ కనబడలేదు. అయితే మీ జీతంలోంచి పట్టిన 1,800, దానికి సమానంగా కాంట్రాక్టరు కట్టాల్సిన వాటా నిజంగా జమ అవుతున్నాయో లేదో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. దానికి యూనియన్ అక్కర్లేదు, పది నిమిషాల పని.

కుండకు చిల్లు ఉన్నది వేరే చోట.

మొదటిది ఓటీ. డ్యూటీ గంటలు దాటి చేసిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది, పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన ఇప్పటి లేబర్ కోడ్‌లలోనూ ఉంది. మీకు గంటకు పడేది 81 రూపాయల పావలా. రెట్టింపంటే 162.50. నెలకు పదహారు గంటలకు 2,600 రావాల్సిన చోట మీకు 1,300 ఇస్తున్నారు. ఏడాదికి 15,600 రూపాయలు మీ చెమటకు రాకుండా పోతున్నాయి. ఈ అంకె ఇంట్లో ఆవిడకు చూపించండి.

రెండోది బోనస్. నెల జీతం 21,000 దాటని కార్మికుడికి ఏడాది కూలిలో 8.33 శాతం తగ్గకుండా ఇవ్వాలి. లెక్కకు 7,000 లేదా కనీస వేతనం, రెంటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. తక్కువలో తక్కువగా 7,000 మీద వేసుకున్నా ఏడాదికి దాదాపు 7,000 రూపాయలు. మీ చేతిలో పెడుతున్నది 2,000.

మూడోది గ్రాట్యుటీ, అంటే పని మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల కూలి చొప్పున ఇవ్వాలి, మామూలుగా ఐదేళ్లు నిండి ఉండాలి. మీ ఆరేళ్లకు 650ని 15తో, 6తో గుణిస్తే 58,500. కానీ మీరు పాత కాంట్రాక్టరు కింద మూడేళ్లు, కొత్త కాంట్రాక్టరు కింద మూడేళ్లు చేశారు. విడివిడిగా చూస్తే ఎక్కడా ఐదేళ్లు నిండలేదు. అదే గేటు, అదే మిషను, అవే బస్తాలు. కాగితం మీద మాత్రం మీరు మధ్యలో కొత్త మనిషి అయిపోయారు. సర్వీసు కలిపి లెక్కించాలని ఒక్కడే వెళ్లి అడిగితే కాంట్రాక్టరు ఫ్యాక్టరీని చూపిస్తాడు, ఫ్యాక్టరీవాళ్లు కాంట్రాక్టరును చూపిస్తారు. నలభై మంది ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి, ఒక సంఘం పేరుతో అడిగితే ఇలాంటి గొడవకు బలం ఎక్కువ. పనిలోంచి తీసేస్తే కార్మికుడు ఒక్కడే వివాదం లేవనెత్తడానికి చట్టం ఒప్పుకుంటుంది. కూలి రేటు, ఓటీ, సర్వీసు లెక్క లాంటివాటిని మాత్రం పారిశ్రామిక వివాదంగా నడపాలంటే వెనక యూనియనో, చాలామంది తోటివాళ్లో నిలబడాలి.

నేను చేరమనే వైపు ఎందుకు మొగ్గుతున్నానో కూడా మీకు తెలియాలి. మా నాన్న ఆదోనిలో ఒక మిల్లులో పని చేసేవారు. చందా దండగ అని ఎప్పుడూ కట్టలేదు. మిల్లు మూతపడ్డాక యూనియన్ సభ్యులు బకాయిల కోసం కేసు వేశారు. వాళ్ల జాబితాలో మా నాన్న పేరు లేదు. తన డబ్బు కోసం ఆయన ఒంటరిగా నాలుగేళ్లు తిరిగారు, చివరికి సగమే వచ్చింది. ఆ తిరుగుడుకు బస్సు చార్జీలు అమ్మ చీటీ డబ్బులోంచి ఇచ్చేది. ఆ నాలుగేళ్లు నా కళ్లముందే గడిచాయి. అందుకే నా మాటను కొంచెం తగ్గించి తీసుకోండి, లెక్కను మాత్రం ఉన్నదున్నట్టు చూడండి.

చేరగానే ఇవన్నీ వస్తాయా? రావు. రెట్టింపు ఓటీ సగం రోజులకే సాధించినా ఏడాదికి 7,800. పెట్టుకున్న గీత 1,500 కాబట్టి పని చేసే యూనియన్ అయితే చందా ఎన్నో రెట్లు గిట్టుబాటు. పని చేయని యూనియన్ అయితే ఆర్‌డీయే మేలు. కర్నూలులో నా దగ్గరికి వచ్చే ఒకాయన తొమ్మిదేళ్లు చందా కట్టారు. ఒక్క రసీదు లేదు, అవసరం పడ్డప్పుడు ఫోన్ ఎత్తిన నాయకుడూ లేడు. కాబట్టి డబ్బు ఇచ్చే ముందు మీ యూనియన్‌ను తూచి చూడండి.

రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అచ్చు రసీదు ఇస్తారా అని అడగండి. జమాఖర్చుల పుస్తకం చూసే హక్కు సభ్యుడికి చట్టమే ఇచ్చింది, చూపిస్తామంటారా, ముఖం చిట్లిస్తారా అన్నది చాలా చెబుతుంది. చందా ఎంత ఉండాలన్నది వాళ్ల నిర్ణయమే. ఇప్పుడు రద్దయిన 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ ఫ్యాక్టరీ కార్మికులకు ఏడాదికి 12 రూపాయలు తగ్గకూడదని మాత్రమే చెప్పింది. మీ దగ్గర 1,200 తీసుకుంటున్నారంటే దేనికి ఖర్చవుతోందో చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. రాజకీయ నిధి వేరుగా ఉంటుంది, దానికి ఇవ్వమని ఎవరినీ బలవంతం చేయకూడదు.

అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్లు కాంట్రాక్టు కార్మికుల కోసం ఇంతవరకు ఏం సాధించారో అడగండి. పర్మనెంటు వాళ్ల వేతన ఒప్పందాల గురించే చెబుతూ పోతే మీ వంద వాళ్ల లెక్క పెంచడానికే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒక సంస్థలో యూనియన్‌లు ఒకటికి మించి ఉంటే, మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్నదే యాజమాన్యంతో మాట్లాడే యూనియన్ అవుతుంది. దాంతో సభ్యుల కోసం ఇప్పుడు పోటీ ఎక్కువ. మీ పేరు ఎవరి మస్టర్‌లో ఉంది, ఫ్యాక్టరీదా, కాంట్రాక్టరుదా? ఈ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన యూనియన్ కాంట్రాక్టు వాళ్ల సంగతి తెలిసిన యూనియన్.

ఇక మీ భయం సంగతి. యూనియన్‌లో చేరినందుకు పనిలోంచి తీసేయడం చట్టం దృష్టిలో తప్పు. తప్పయినా చేస్తారు, తేలేసరికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో పాపకు పాలు కావాలి. అందుకే ఒంటరిగా చేరొద్దు. మీ ప్యాకింగ్ వాళ్లు పది, పదిహేను మంది ఒకే రోజు చేరితే సూపర్‌వైజర్ చేతిలో ఒక్క పేరు ఉండదు. గేట్ మీటింగ్‌లో ముందు వరసలో నిలబడే ముందు రెండు నెలల ఇంటి ఖర్చు, అంటే 28,000 దాకా, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పక్కన ఉండాలి. మీ ఇంట్లో ఆవిడ అడిగిన పొదుపు ఇదే అనుకోండి. వందతో అది ఎప్పటికీ నిండదు, నెలకు 1,000 పెట్టాలి. ఓటీ డబ్బులు వచ్చిన వారం ఆ డబ్బు కదపకుండా అక్కడ వేయండి.

చేరినా చేరకపోయినా ఒక పని ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. పాప పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని ఎక్కువ పని చేసిన ప్రతి రోజూ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఆ షిఫ్టులో పక్కన ఎవరు ఉన్నారు, ఎంత ఇచ్చారు అని రాయండి. పాత గేట్ పాసులు పారేయకండి. పీఎఫ్ పాస్‌బుక్‌లో పాత కాంట్రాక్టరు పేరు, కొత్త కాంట్రాక్టరు పేరు, తేదీలు కనబడే పేజీలను ప్రింటు తీయించి పెట్టుకోండి, ఒక కాపీ ఇంట్లో ఆవిడ దగ్గర ఉంచండి. మూడేళ్ల కింద కాంట్రాక్టరు మారిన నెలలో డ్యూటీ ఒక్క రోజు కూడా ఆగలేదని చూపించే కాగితం ఏది దొరికినా దాన్ని వాటి పైన పెట్టండి.